బడి పిల్లల రైలు యాత్ర: నందలూరా, గుంతకల్లా, మైసూరా, ఊటీనా?

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారానికే మా స్టాఫ్ రూంలో ఆ మాట మొదలవుతుంది. ఈ ఏడు పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోదాం? లేపాక్షి అయింది, బెలూం గుహలు అయ్యాయి, గండికోట రెండుసార్లు అయింది. కొన్నేళ్లుగా నేను రైలు అంటున్నాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ రైలు కూత వింటూనే ఉన్నారు. కానీ ఆ పట్టాలు ఎందుకు వేశారో, పొగబండి ఎట్లా నడిచేదో అడిగితే చెప్పగలిగినవాళ్లు తరగతిలో ఇద్దరు కూడా లేరు.

మొదటిసారి నేను చేసిన తప్పు ముందు చెబుతాను. దాదాపు అరవై మందిని బస్సెక్కించి, రాత్రంతా ప్రయాణం చేసి, ఒక రైలు మ్యూజియం చూపించి తీసుకొచ్చాను. లోపల ఉన్నది రెండు గంటలు. తిరిగొచ్చాక ఏం చూశారో రాయమన్నాను. ఎక్కువ మంది టాయ్ ట్రైన్ గురించి, ఐస్‌క్రీం గురించి రాశారు. ఒక అమ్మాయి 'ఇంజన్ నల్లగా, పెద్దగా ఉంది' అని ఒక్క వాక్యం రాసి ఆపేసింది. అందులో పిల్లల తప్పు లేదు. వెళ్లేముందు నేను వాళ్లకు ఏమీ చెప్పలేదు, అక్కడ వాళ్లకు ఏ పనీ ఇవ్వలేదు.

అప్పటి నుంచి చోటును ఎంచుకునేటప్పుడు ముందు మూడు సంగతులు చూస్తున్నాను. అక్కడ పిల్లలు చేత్తో ఏం చేస్తారు, వాళ్లతో మాట్లాడేది ఎవరు, ఆ చోటికీ మన నేలకూ సంబంధం ఏమిటి. వీటి తర్వాత ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. వచ్చే ఏడు వెళ్దాంలే అనుకుంటే, అది అప్పటికీ ఉంటుందా?

మ్యూజియంలో ఇంజన్ ఉంటుంది. దాన్ని నడిపిన మనిషి ఉండడు. మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయింది. 1990ల నడుమకు వచ్చేసరికి బ్రాడ్ గేజ్ (పట్టాల నడుమ దూరం ఎక్కువున్న పెద్ద లైన్లు) మీద అవి పూర్తిగా కనుమరుగయ్యాయి. బాయిలర్‌లో బొగ్గేసిన ఫైర్‌మ్యాన్‌లలో ఇప్పుడు బతికున్నవాళ్లలో చాలామందికి అరవై దాటి ఉంటాయి. అందుకే నా సలహాలో మొదటి చోటు ఊటీ కాదు, మైసూరు కాదు. మన దగ్గరి స్టేషనే.

నందలూరు, గుంతకల్లు, గుత్తి: ఒక పూట, ఒక తాత

మద్రాసు నుంచి బొంబాయి వైపు మద్రాస్ రైల్వే వేసిన లైను రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి ఇంకో కంపెనీ వేసిన లైనుతో కలిసింది. ఆ దారిలో ఉమ్మడి కడప జిల్లా నందలూరులో పెద్ద లోకో షెడ్డు, అంటే ఇంజన్లను నిలిపి బాగుచేసే చోటు, ఉండేది. చెయ్యేటి నీళ్లు ఆవిరి ఇంజన్లకు బాగా పడతాయని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఒక్క మాట చాలు, పిల్లలకు ఒక సైన్సు పాఠం దొరికినట్టే. మన అనంతపురం బోరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. బాయిలర్ గొట్టాలకూ అట్లాగే పొర పడుతుంది. పొర పడితే వేడి నీళ్లకు సరిగా అందదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది, గొట్టాలు పాడవుతాయి. అందుకే రైలు కంపెనీలకు మంచి నీళ్లు దొరికే ఊరు అంత అవసరం. వెళ్లేముందు పిల్లల్ని ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో, వాన నీళ్లు ఒక సీసాలో తెమ్మని, రెండూ ఇగిరేదాకా మరిగించి చూపించాం. ఆ తర్వాత నందలూరు ఎందుకు ఎదిగిందో నేను చెప్పనవసరం లేకపోయింది.

నందలూరులో ఇంకో లాభం ఉంది. చెయ్యేటి ఒడ్డునే సౌమ్యనాథస్వామి గుడి ఉంది, చోళుల కాలం నాటిది. ఒకే పూటలో గుడి, ఏరు, రైలు మూడూ చూడొచ్చు. 2021 నవంబరులో చెయ్యేరు పొంగినప్పుడు నందలూరు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఈ లైనుకు వరద కొత్త కాదు. 1902లో ఇదే లైనులో మంగపట్నం దగ్గర వంతెన కొట్టుకుపోయి మెయిలు రైలు పడిపోయింది. కరువు సీమ అని పేరున్న చోట రైలుకు శత్రువు నీళ్లే అయిందని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఎందుకట్లా అని వాళ్లే అడుగుతారు. ఏడాది పొడవునా ఎండిన ఏరుకు ఒక్క రాత్రిలో వచ్చే నీళ్లు ఎన్నో, వంతెన కంతలు ఎంత వెడల్పు ఉండాలో అన్న దాకా మాట పోతుంది.

అనంతపురం, కర్నూలు వైపు బడులకు గుంతకల్లు దగ్గర. 1880లలో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా గుంటూరు వైపు వేసిన మీటర్ గేజ్ (పట్టాల నడుమ ఒక మీటరు దూరం ఉండే) లైను కరువు లైను. 1876–78లో మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న ఆ కరువులో బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలు ఎంతగా నలిగిపోయాయో తెలిసిందే. మళ్లీ కరువొస్తే తిండిగింజలు చేరవేయడానికని ఆ లైను వేశారు. ధాత కరువు నాటికే మద్రాసు–బొంబాయి లైను నడుస్తోంది. ఆ రైళ్లలోనే గింజలు వచ్చాయి, రైలు ఉండబట్టే ధర ఎక్కువ పలికిన చోటికి గింజలు తరలిపోయాయి కూడా. ఈ రెండు వైపులా పిల్లల ముందు పెట్టాలి. మా తరగతిలో ఒక పిల్లవాణ్ణి స్టేషన్ మాస్టరుగా, ఒక అమ్మాయిని గింజల వ్యాపారిగా, నలుగురిని ఊరి మనుషులుగా పెట్టి వాదించుకోమన్నాను. గంట కొట్టినా వాళ్లు లేవలేదు.

గుంతకల్లులో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ ఉండేవి. ఒక దాని బండి రెండో దాని పట్టాల మీద నడవదు. గేజ్ మారే చోట సరుకంతా దించి మళ్లీ ఎక్కించాల్సిందే. సుద్దముక్కతో నేల మీద 1,676 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు, 1,000 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, పుస్తకాల సంచులు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మార్పించండి. 1990లలో గేజ్ మార్పిడి ఎందుకు చేశారో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇక తాత సంగతి. ఆవిరి బండ్ల మీద చేసి రిటైరైనవాళ్లు గుంతకల్లులో, నందలూరులో, గుత్తిలో ఇంకా ఉన్నారు. మాకు ఒకాయన దొరికారు. మొదట 'నేనేం చెబుతాను సార్, నేను చదువుకున్నది ఆరో తరగతి' అన్నారు. పిల్లల ముందు కూర్చోబెట్టాక గంటన్నర మాట్లాడారు. బాయిలర్ పక్కన గాజు గొట్టంలో నీటి మట్టం చూస్తూ ఉండాలని, అది తగ్గిందంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నట్టేనని చెప్పారు. పార ఎట్లా పట్టుకోవాలో, బొగ్గును ఒక చోట కుప్పగా కాకుండా పల్చగా ఎట్లా చల్లాలో ఇసుకలో చూపించారు. 'తాతా, నిద్ర రాదా?' అని ఒకడు అడిగితే 'ముందర నిప్పు, యెనక చలిగాలి. నిద్ర యాడ నుంచి వస్తుంది నాయనా' అన్నారు. ఆ మాట మా పిల్లలు ఇంకా మరిచిపోలేదు.

గుత్తిలో 1960ల నుంచి డీజిల్ షెడ్డు ఉంది. పై తరగతుల పిల్లలకు అది బాగుంటుంది, పక్కనే కోట కూడా ఉంది. కానీ షెడ్డుకైనా, యార్డుకైనా గుంతకల్లు డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. తెలిసినవాళ్లున్నారు కదా అని గేటు దాటి పోకండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం. పైన వైర్లలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోవాల్సిన పని కూడా లేదు, మరీ దగ్గరికి పోతే చాలు ప్రాణం తీస్తుంది. ఆగి ఉన్న పెట్టె ఎక్కి సెల్ఫీ దిగబోయి చనిపోయిన పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. బయల్దేరే ముందు రోజు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో పాత రైళ్లను కాపాడుకున్న లైన్లు చాలా ఉన్నాయి. వేల్స్‌లో 1865లో పలక రాళ్ల గని కోసం వేసిన టాలిలిన్ రైల్వేను 1951 నుంచి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే నడుపుతున్నారు. ప్రపంచంలో ఆ విధంగా నిలబడిన మొదటి రైలు అదే. అటువంటి లైన్ల మీద బడి పిల్లల కోసం ప్రత్యేకంగా రోజులు పెడతారు. 1939 సెప్టెంబరులో యుద్ధ భయంతో పట్నాల పిల్లల్ని పల్లెలకు రైళ్లలో పంపించారు కదా, ఆ పిల్లల మాదిరిగా వీళ్లు మెడలో పేరు చీటీ కట్టుకుని, పాతకాలం బట్టలేసుకుని రైలెక్కుతారు. మనకు ఆ బట్టలూ ఆ యుద్ధమూ అక్కర్లేదు. పిల్లకు చూసే పని కాకుండా చేసే పని ఇవ్వడం ఒక్కటి తెచ్చుకుంటే చాలు.

మ్యూజియాలు: మైసూరు, చెన్నై, కాచిగూడ

మైసూరు రైలు మ్యూజియం 1979లో మొదలైంది. ఆరుబయట ఇంజన్లుంటాయి, టాయ్ ట్రైన్ ఉంటుంది, మహారాణి కోసం చేయించిన సెలూన్ పెట్టె ఉంటుంది. అందులో వంటకు, భోజనానికి, స్నానానికి వేరు వేరు ఏర్పాట్లు. రోడ్డు మీద తిరగాల్సిన ఆస్టిన్ కారును పట్టాల మీద నడిచేటట్టు మార్చిన బండి కూడా ఉంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు నేను మైసూరే చెబుతాను. చిన్న పిల్లలు గాజు పెట్టెల ముందు నిలబడలేరు, వాళ్లకు తిరగడానికి చోటు కావాలి. వాళ్లకు ఇవ్వాల్సిన పని కూడా సులభం: మహారాణి పెట్టె బొమ్మ గీయడం, మనం ఎక్కే జనరల్ పెట్టె బొమ్మ గీయడం, ఒక్కోదాంట్లో ఎంతమంది పడతారో లెక్కేయడం. కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా మైసూరుకు రాత్రి రైలుంది కాబట్టి బస్సు కన్నా రైలే మేలు. రైలు గురించి నేర్చుకోవడానికి బస్సులో పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చెన్నై మ్యూజియం పెరంబూరు దగ్గర, రైలు పెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ వాళ్లది. 2002లో పెట్టారు. ఇక్కడ ఇంజన్ల కన్నా పెట్టెల కథ బాగా తెలుస్తుంది. ఆ ఫ్యాక్టరీ 1955లో స్విట్జర్లాండ్ కంపెనీ సాయంతో మొదలైంది. మనమంతా చిన్నప్పటి నుంచీ ఎక్కిన ఆ పాత నమూనా పెట్టెల తయారీ అక్కడ 2018లో ఆగిపోయింది. అదే ఏడాది అదే ఫ్యాక్టరీ నుంచి తర్వాత వందే భారత్ అని పేరు పడిన రైలు బయటికొచ్చింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు, ముఖ్యంగా పాలిటెక్నిక్ వైపో ఐటీఐ వైపో చూస్తున్న పిల్లలకు మైసూరు కన్నా చెన్నై మంచిది. లోపల రాసి ఉన్నవి చదివి అర్థం చేసుకునే వయసు కావాలి. కడప బడులకు ఇది ఇంకా అనుకూలం, ఎందుకంటే నందలూరు అదే దారిలో ఉంది. చెన్నై దాకా పోయారంటే రాయపురం స్టేషన్ కూడా చూపించండి. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న బయల్దేరింది అక్కడి నుంచే. మన దేశంలో మిగిలిన స్టేషన్ భవనాల్లో అదే పాతది.

కాచిగూడ కర్నూలు బడులకు ఒక్కరోజు పని. 1916లో నిజాం కట్టించిన ఆ స్టేషన్ భవనమే అసలు చూడాల్సింది. లోపలి మ్యూజియం చిన్నది, గంటలో అయిపోతుంది. దాని కోసమే అంత దూరం పోవద్దు. హైదరాబాద్‌లో వేరే చోట్లు చూపించే పని ఉంటే కలుపుకోండి.

ఊటీ రైలు గురించి తల్లిదండ్రులు అడిగితే

అందరూ అడిగేది ఇదే. అడగడంలో తప్పు లేదు, నిజంగా అది అద్భుతం. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వచ్చింది. 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ దాటాక పట్టాల నడుమ పళ్లున్న ఇనుప కమ్మీలుంటాయి. ఇంజన్ కింది పళ్లచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక ఉండి పెట్టెలను తోస్తుంది. కొన్నిచోట్ల దాదాపు 12 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. బళ్లో పన్నెండు అడుగుల చెక్క ఒక కొసను ఒక అడుగు ఎత్తి, దాని మీద నున్నటి ఇనుప చక్రాల బండిని ఎక్కించమని చూడండి. పళ్లు ఎందుకో చెప్పాల్సిన పనే ఉండదు.

కానీ బడికి ఇది ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. పెట్టెలు తక్కువ, సీట్లు తక్కువ, దేశమంతటి నుంచీ జనం. నలభై మందికి ఒకే రోజు టికెట్లు దొరకడం మహా కష్టం. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రైళ్లు రద్దవుతాయి. మెట్టుపాళయంలో పొద్దున్నే ఏడింటికి బయల్దేరాలి కాబట్టి ముందు రోజు రాత్రే అక్కడ ఉండాలి. మన వైపు నుంచి పోయి రావడానికి నాలుగు రోజులు పోతాయి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. టికెట్లు దొరకలేదని కూనూరు నుంచి ఊటీకి ఎక్కిస్తుంటారు. ఆ ముక్కలో లాగేది డీజిల్ ఇంజన్. పళ్ల పట్టా కూడా అక్కడ ఉండదు. అందమైన ప్రయాణమే, కాదనను. అయితే పిల్లలకు ఆవిరి ఇంజన్ చూపిస్తామని మాటిచ్చి అక్కడ ఎక్కిస్తే మాట తప్పినట్టే. పెద్ద తరగతుల పిల్లలు పదిహేను, ఇరవై మంది ఉండి, నాలుగు రోజులు ఖర్చు పెట్టుకోగలిగితేనే ఊటీ గురించి ఆలోచించండి. ఎనభై మందితో మాత్రం వద్దు.

ఆ కొండ రైలు అనుభవం కొంతైనా కావాలంటే మన దగ్గరే నల్లమల ఉంది. నంద్యాలలో ఎక్కి గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట మీదుగా గిద్దలూరులో దిగి, మధ్యాహ్నం తిరిగి రావచ్చు. అడవి, సొరంగం, మలుపులు అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి. పాత మీటర్ గేజ్ దారిలోని దొరబావి వంతెనను గేజ్ మార్పిడిలో వదిలేశారు. వీడియోల్లో చూసి అక్కడికి నడిచిపోదామని కొందరు టీచర్లు అంటుంటారు. అది పులులు తిరిగే అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా పిల్లలతో అటు అడుగు పెట్టకూడదు. దాని ఫొటో తరగతిలో చూపించండి, రైలులో అడవి చూపించండి.

డబ్బు, టికెట్లు, పనులు

గ్రామీణ ప్రాంత ప్రభుత్వ బడి పిల్లలకు ఏడాదికి ఒకసారి స్టడీ టూర్‌కు సెకండ్ క్లాస్ ఛార్జీలో 75 శాతం రాయితీ ఉంది. హెడ్మాస్టర్ సర్టిఫికెట్‌తో ముందుగా స్టేషన్‌లో అడగండి. చాలా బడులు అడగనే అడగవు. రిజర్వేషన్ ఫారం ఒక్కదానికి ఆరుగురే పడతారు. పెద్ద గుంపుకు స్టేషన్ మేనేజర్ ద్వారా లేఖ పెట్టుకుని ఒకేసారి చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఆరుగురు ఆరుగురుగా చేస్తే పిల్లలు నాలుగు పెట్టెల్లో పడతారు, రాత్రంతా టీచర్లకు టెన్షన్. నాకు ఒకసారి అట్లాగే అయింది.

పది మందికి ఒక పెద్ద మనిషి, అమ్మాయిలుంటే మహిళా టీచర్ తప్పనిసరి. నడవలేని పిల్లలుంటే బయల్దేరే ముందే ఆ చోటికి ఫోన్ చేసి మెట్లు ఎన్ని, ర్యాంపు ఉందా అని అడగండి. మా బళ్లో ఒక అబ్బాయి చక్రాల కుర్చీలో ఉంటాడు. వాడు ఎక్కలేని ఇంజన్ దగ్గర మేమంతా కిందే నిలబడి చూశాం. తాత వచ్చిన రోజు మాత్రం వాడే ముందు వరుసలో ఉన్నాడు. ఎక్కువ ప్రశ్నలు అడిగింది కూడా వాడే.

నెల సంగతికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి వచ్చిందంటే పరీక్షలు, ఏప్రిల్లో ఇనుప ఇంజన్ మీద చెయ్యి పెట్టలేం. వారపు సెలవు ఏ రోజో మ్యూజియానికి ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్లు కొనండి.

ఒక్కో తరగతికి ఒక యాత్ర పెట్టే డబ్బుంటే నా ఎంపిక ఇది: ఆరు, ఏడు తరగతులకు మైసూరు, తొమ్మిది, పదికి చెన్నై. ఎనిమిదో తరగతి ఏడాది అందరూ దగ్గరి స్టేషన్‌కే. డబ్బు అసలే లేకపోతే ఆ ఎనిమిదో తరగతి పనొక్కటే అన్ని తరగతులకూ చేయండి. దానికయ్యేది ఆటో ఖర్చు, తాతకు ఒక శాలువా, పిల్లలకు పులిహోర పొట్లాలు.

తాత మాట్లాడేటప్పుడు ఆయన్ను అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటికొచ్చాక పిల్లలే నలుగురు నలుగురుగా పంచుకుని, ఆయన మాటలు ఆయన యాసలోనే రాయాలి. తెలియని మాటల కింద గీత గీసి మళ్లీ ఆయన్నే అడగాలి. మాకు రెండోసారి వెళ్లడం అట్లాగే కుదిరింది. రాసినదాన్ని కుట్టి ఒక కాపీ బడి లైబ్రరీలో పెట్టాం, ఒకటి ఆయన ఇంట్లో ఇచ్చాం. ఆయన మనవరాలు అక్కడే కూర్చుని మొదటి పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.